పేగు లోపొర, పేగు సూక్ష్మజీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పేగు బ్యాక్టీరియా మాట ఎత్తగానే 'మంచివి, చెడ్డవి' అన్న లెక్క మొదలవుతుంది. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది దూరం గురించి. పేగు గోడకు కాస్త ఎడంగా ఉన్నంతకాలం మనకు తిండి పెట్టే బ్యాక్టీరియానే, గోడను ఆనుకుంటే వాపు తెప్పించగలదు. ఆ ఎడం ఎలా ఏర్పడుతుంది, ఎందుకు చెడుతుంది, దాన్ని కాపాడుకోవడానికి ఏం చేయవచ్చు అన్నవే కింది ప్రశ్నల్లో చాలావరకు ఉన్నాయి.

పేగు లోపొర అంటే ఏది? ఎంత మందం ఉంటుంది?

తిన్నది కదిలే ఖాళీకి, మన రక్తానికి మధ్య ఉన్నది ఒకే ఒక్క వరుస కణాలు. ఆ వరుస ఎత్తు సుమారు 20 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కూడా ఉండదు. చిన్నపేగులో ఈ పొర వేళ్లలా పైకి లేచి ఉంటుంది, వాటి మధ్య గుంటలు ఉంటాయి. పెద్దపేగులో వేళ్లు ఉండవు, గుంటలు మాత్రమే ఉంటాయి. గుంట అడుగున కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఉంటాయి. వీటిని గుర్తుపట్టే ఆనవాలును 2007లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ బృందం కనిపెట్టింది. అడుగున పుట్టిన కణం మెట్టుమెట్టుగా పైకి జరుగుతూ మూడు నుంచి ఐదు రోజుల్లో కొసకు చేరి రాలిపోతుంది. ఈ రోజు మీ పేగు లోపల ఉన్న పూత వచ్చే వారానికి దాదాపుగా ఉండదు. చిన్న దెబ్బలను పేగు త్వరగా మాన్చుకోగలగడానికి ఇదే కారణం.

పేగును పరిస్తే టెన్నిస్ కోర్టంత ఉంటుందని పాత పుస్తకాల్లో చదివే ఉంటారు. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి, జీర్ణమార్గం మొత్తం లోపలి వైశాల్యం సుమారు 32 చదరపు మీటర్లని తేల్చారు. అందులో పెద్దపేగు వాటా 2 చదరపు మీటర్లే. బ్యాక్టీరియాలో అత్యధిక భాగం కాపురం ఉండేది మాత్రం ఆ రెండు చదరపు మీటర్ల పక్కనే.

బ్యాక్టీరియా ఎన్ని ఉంటాయి? పేగంతా ఒకేలా ఉంటాయా?

'మన కణాలకు పదింతలు' అన్న మాట ఇంకా తిరుగుతోంది, అది తప్పు. 2016లో వచ్చిన లెక్క ప్రకారం 70 కిలోల మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా, 30 లక్షల కోట్ల మానవ కణాలు ఉంటాయి. కాస్త అటూ ఇటూగా సమానమే. ఆ బ్యాక్టీరియా మొత్తం బరువు 200 గ్రాములు.

పేగు పొడవునా సాంద్రత విపరీతంగా మారుతుంది. చిన్నపేగు మొదట్లో మిల్లీలీటరుకు వేలల్లో ఉంటే, చివరికొచ్చేసరికి కోట్లకు చేరుతుంది. పెద్దపేగులో గ్రాముకు పదివేల కోట్ల దాకా ఉంటాయి. పైభాగంలో ఆమ్లం, పైత్యరసం, వేగంగా కదిలే ప్రవాహం కలిసి వాటిని నిలవనివ్వవు.

అంత జనాభా అంత పల్చటి పొరను తాకకుండా ఎలా ఉంటుంది?

జిగురు వల్ల. విరేచనాల్లో బంక అని మనం చూసి భయపడేది నిజానికి రోజంతా తయారయ్యే రక్షణ కవచం.

ఈ జిగురును లోపొరలోని గోబ్లెట్ కణాలు స్రవిస్తాయి. ఇందులో ముఖ్యమైన ప్రొటీను మక్-2. ప్రొటీను గొలుసు చుట్టూ చక్కెర అణువులు కుచ్చులా మొలిచి ఉంటాయి. కణం లోపల దీన్ని కాల్షియంతో, ఆమ్ల వాతావరణంలో గట్టిగా మడిచి దాచుకుంటుంది. బయటికి వదలగానే బైకార్బనేట్ తగిలి, నీళ్లు పీల్చుకుని, వందల రెట్లు ఉబ్బి, వల విప్పినట్టు పరుచుకుంటుంది. బైకార్బనేట్ సరిగా రాకపోతే ఏమవుతుందో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో కనిపిస్తుంది: జిగురు విచ్చుకోక, చిక్కబడి, గోడకు అతుక్కుపోతుంది.

పెద్దపేగులో జిగురు రెండు అంతస్తులని 2008లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ పరిశోధకులు చూపించారు. గోడకు అంటుకున్న లోపలి అంతస్తు గట్టిగా ఉంటుంది. దాని వల కన్నాలు బ్యాక్టీరియా కన్నా చిన్నవి కాబట్టి లోపలికి దూరలేవు. పై అంతస్తు వదులుగా ఉంటుంది, అక్కడ బ్యాక్టీరియా స్వేచ్ఛగా బతుకుతాయి. లోపలి అంతస్తు ఎప్పటికప్పుడు వదులై పై అంతస్తుగా మారుతుంది, కింద నుంచి కొత్తది పుడుతుంది. ఎలుకల్లో ఇది గంట, రెండు గంటల్లోనే కొత్తదై పోతుంది. మక్-2 జన్యువు తీసేసిన ఎలుకలకు ఎవరూ ఏమీ చేయకుండానే పెద్దపేగు వాపు వస్తుంది.

చిన్నపేగుకు ఈ పద్ధతి కుదరదు. పోషకాలు లోపలికి రావాలి కనుక అక్కడ జిగురు ఒకటే పొర, అదీ వదులుగా, గోడకు అంటకుండా ఉంటుంది. ఆ లోటును రసాయనాలు పూడుస్తాయి. గుంటల అడుగున ఉండే పనెత్ కణాలు డిఫెన్సిన్లు, లైసోజైమ్ అనే సూక్ష్మజీవి నాశకాలను వదులుతాయి. లోపొర కణాలు వదిలే రెగ్-3 గామా అనే ప్రొటీను లేని ఎలుకల్లో, బ్యాక్టీరియాకు గోడకు మధ్య మామూలుగా ఉండే సుమారు 50 మైక్రాన్ల ఖాళీ మాయమైందని 2011లో చూశారు. వీటికి తోడు పేగు రోజూ మూడు నుంచి ఐదు గ్రాముల ఐజీఏ యాంటీబాడీలను లోపలి ఖాళీలోకి పంపుతుంది. అవి బ్యాక్టీరియాను చంపవు, వాటికి పట్టుకుని గోడ దాకా రానివ్వకుండా చూస్తాయి.

ఇంత ముఖ్యమైన జిగురు పొరను చాలాకాలం సరిగా ఎందుకు చూడలేకపోయారు?

పరీక్షకు తీసిన పేగు ముక్కను భద్రపరిచే పద్ధతి వల్ల. ఆసుపత్రుల్లో కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేస్తారు. అది నీళ్ల ద్రావణం కాబట్టి జిగురు కరిగి, కుంచించుకుపోతుంది. స్లైడు మీద బ్యాక్టీరియా గోడకు అతుక్కున్నట్టు కనిపిస్తుంది. జిగురును చూడాలంటే నీళ్లు తగలకూడదు: కార్నాయ్ ద్రావణం వాడాలి. అందులో ఆరు పాళ్లు ఇథనాల్, మూడు పాళ్లు క్లోరోఫామ్, ఒక పాలు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం. మలం ఉన్న భాగాన్ని కడగకుండా, కోయకుండా అలాగే అందులో వేయాలి. ముందే సెలైన్‌తో శుభ్రం చేస్తే పై అంతస్తు కొట్టుకుపోతుంది, తర్వాత ఏ రంగు వేసినా లాభం లేదు.

సరిగా చేసిన స్లైడులో బ్యాక్టీరియాకు ఎర్రరంగు, కణకేంద్రాలకు నీలం వేసి చూస్తే దృశ్యం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఒకవైపు ఎర్రచుక్కలు కిక్కిరిసి ఉంటాయి. ఉన్నట్టుండి గీత గీసినట్టు ఆగిపోతాయి. తర్వాత ఏమీ లేని నల్లటి పట్టీ. ఆ పట్టీ దాటాక నీలి చుక్కల వరుస. పేగు ఆరోగ్యం గురించిన మాటలన్నిటికీ ఆ నల్లటి పట్టీయే ఆధారం.

బ్యాక్టీరియా లోపొరకు తిరిగి ఏమిస్తుంది?

మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఇవి సుమారుగా 60:20:20 పాళ్లలో ఉంటాయి. బ్యూటిరేట్‌ను చాలావరకు పెద్దపేగు కణాలే వాడేసుకుంటాయి. వాటికి కావలసిన శక్తిలో సగానికి పైగా దీని నుంచే వస్తుంది. శరీరంలోని మిగతా కణాలు రక్తం తెచ్చే పోషకాల మీద ఆధారపడుతుంటే, ఈ కణాలు అవతలి గట్టు నుంచి అన్నం తింటున్నాయి.

అసలు మెలిక ఇక్కడుంది. బ్యూటిరేట్‌ను కాల్చడానికి ఆక్సిజన్ కావాలి. రక్తం నుంచి వచ్చే ఆక్సిజన్‌ను లోపొర కణాలు అందులోనే ఖర్చు పెట్టేస్తాయి, లోపలి ఖాళీలోకి దాదాపు ఏమీ పోదు. ఫీకాలిబ్యాక్టీరియం, రోజ్‌బూరియా వంటి బ్యూటిరేట్ తయారీదారులకు ఆక్సిజన్ విషం. అంటే అవి పెట్టే తిండే వాటికి అనువైన చోటును నిలబెడుతోంది. సాల్మొనెల్లా, ఈ. కోలై లాంటి జాతులు మాత్రం ఆక్సిజన్ దొరికితే దాన్ని వాడుకుని చెలరేగుతాయి.

ఈ చక్రం ఎక్కడైనా తెగవచ్చు. 2017లో ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూసిన ప్రయోగంలో బ్యూటిరేట్ తయారీదారులు తగ్గిపోయాయి, లోపొర కణాలు గ్లూకోజు మీదికి మళ్లాయి, వాడని ఆక్సిజన్ లోపలికి కారింది, ఈ. కోలై కుటుంబం పెరిగింది. మందు చంపినవాటి కన్నా, మందు మార్చిన చోటు చేసిన చేటు ఎక్కువ.

పీచు తినకపోతే బ్యాక్టీరియా ఆకలితో చచ్చిపోతుందా?

కొన్ని తగ్గిపోతాయి. కొన్ని జిగురు మీద పడతాయి. మక్-2 చుట్టూ ఉన్న చక్కెరలు వాటికి తిండే. 2016లో మనిషి పేగు నుంచి తీసిన 14 జాతులను మాత్రమే పెట్టిన ఎలుకలకు పీచు ఆపేసి చూశారు. జిగురు తినే జాతులు పెరిగాయి, జిగురు పొర పల్చబడింది, ఆ తర్వాత పేగుకు సోకే రోగకారక బ్యాక్టీరియాను ఇస్తే జబ్బు తీవ్రంగా వచ్చింది. ఇది ఎలుకల్లో ఫలితమని గుర్తుంచుకోవాలి. అయినా దిశ స్పష్టంగా ఉంది.

అయితే జిగురు తినే అక్కర్‌మాన్సియా చెడ్డదా?

కాదు. అక్కర్‌మాన్సియా మ్యుసినిఫిలాను 2004లో నెదర్లాండ్స్‌లోని వాగనింగెన్‌లో వేరు చేశారు. జిగురు పై అంతస్తును మేస్తూ అది వదిలే పదార్థాలు మిగతా జాతులకు తిండి అవుతాయి, గోబ్లెట్ కణాలను కొత్త జిగురు చేయమని తట్టిలేపుతాయి. తినే వేగం, తయారయ్యే వేగం సరితూగినంతకాలం లాభమే. పీచు లేనప్పుడు ఆ తూకం తప్పుతుంది. ఈ బ్యాక్టీరియాను వేడిచేసి చంపి ఇచ్చిన చిన్న ప్రయోగం 2019లో జరిగింది. మూడు నెలలు పూర్తిచేసిన 32 మందిలో, చంపిన బ్యాక్టీరియా తీసుకున్నవారికి ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగైంది. అంత చిన్న ప్రయోగం చూపించి మాత్రలు కొనమని చెప్పడం తొందరపాటు.

రోగనిరోధక వ్యవస్థ వీటి మీద యుద్ధానికి ఎందుకు దిగదు?

చూసే కళ్లు ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు. బ్యాక్టీరియా తోకలోని ఫ్లాజెలిన్‌ను గుర్తించే టీఎల్ఆర్-5 గ్రాహకం పెద్దపేగు కణాల్లో ముఖ్యంగా అడుగు వైపు, అంటే శరీరం వైపు ఉంటుంది. లోపలి ఖాళీలో ఎంత ఫ్లాజెలిన్ తిరిగినా అలజడి ఉండదు. గోడ దాటి ఇవతల కనిపిస్తేనే గంట మోగుతుంది. దీనికి తోడు బ్యూటిరేట్ శాంతింపజేసే రకం టి-కణాలను (ఒక రకం రోగనిరోధక కణాలు) పెంచుతుంది. ఆహారంలోని ప్రొటీన్లలో ఉండే ట్రిప్టోఫాన్ నుంచి కొన్ని బ్యాక్టీరియాలు చేసే ఇండోల్ పదార్థాలు ఐఎల్-22 అనే సంకేతాన్ని పెంచి, లోపొర మరమ్మతును, రక్షణ ప్రొటీన్లను ముందుకు తోస్తాయి.

అసలు బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల పేగులో ఐజీఏ తక్కువ, రోగనిరోధక కణాల గుంపులు ఎదగవు, జిగురు కూడా మామూలుగా ఉండదు. గోడ కట్టడంలో అవతలివాళ్లకూ చెయ్యుంది.

'లీకీ గట్' (కారే పేగు) నిజంగా ఉందా?

పేగు పారగమ్యత, అంటే గోడ గుండా పదార్థాలు దాటిపోయే గుణం, పెరగడం నిజం. కణానికి కణానికి మధ్య సందులను క్లాడిన్, ఆక్లూడిన్ వంటి ప్రొటీన్ల కుట్లు మూసి ఉంచుతాయి. సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం), క్రోన్స్ జబ్బు (దీర్ఘకాలపు పేగు వాపు), తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వంటి వాటిలో ఆ కుట్లు వదులవుతాయి. కానీ అలసట, మొటిమలు, మతిమరుపు అన్నిటికీ 'లీకీ గట్' అన్న ఒకే జబ్బు మూలమని చెప్పడానికి ఆధారం లేదు. చాలాసార్లు పారగమ్యత జబ్బుకు ఫలితం. మూల జబ్బుకు వైద్యం చేస్తే అదీ తగ్గుతుంది.

కొలిచే పద్ధతి ఒకటుంది. పరగడుపున లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలు తాగించి, ఐదారు గంటల మూత్రం సేకరించి, రెండింటి నిష్పత్తి చూస్తారు. చిన్న అణువైన మానిటాల్ మామూలుగానే లోపలికి వెళుతుంది, పెద్దదైన లాక్టులోజ్ ఎక్కువగా కనిపిస్తే సందులు వదులైనట్టు. ఇందులో తప్పులు తేలిగ్గా దొర్లుతాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లోనూ మానిటాల్ ఉంటుంది కాబట్టి, దాన్ని నమిలి వస్తే లెక్క చెడుతుంది. మూత్రం ఒక్కసారి పారబోసినా అంతే. ఇది పరిశోధనలకు పనికొచ్చే పరీక్ష, ఒక మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చేది కాదు. ఈ సందులను వదులు చేస్తుందని చెప్పే ప్రొటీను 'జోన్యులిన్'ను రక్తంలో చూసే పరీక్ష కోసం డబ్బు పెట్టకండి. మార్కెట్‌లో దొరికే కిట్లు పట్టుకునేది జోన్యులిన్‌ను కాదని పరిశోధకులే బయటపెట్టారు.

లోపొరను నిజంగా దెబ్బతీసేవి ఏవి?

నొప్పి మాత్రలు ముందు చెప్పాలి, ఎందుకంటే వీటిని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్ వంటివి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి, చిన్నపేగులో కూడా పుండ్లు తెస్తాయి. పాంటాప్రజోల్ లాంటి ఆమ్ల మాత్ర తోడు వేసుకుంటే కడుపుకు రక్షణ దొరుకుతుంది, చిన్నపేగుకు దొరకదు. మద్యం అతిగా తాగడం రెండోది. ఎండలో గంటల తరబడి కఠిన వ్యాయామం చేస్తే రక్తం చర్మానికి, కండరాలకు మళ్లి పేగుకు తగ్గుతుంది, పారగమ్యత కొన్ని గంటలు పెరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో అది తనంతట తానే సర్దుకుంటుంది.

నూనె, నీళ్లు విడిపోకుండా తయారీ ఆహారాల్లో కలిపే ఎమల్సిఫయర్ల విషయం ఇంకా తేలుతోంది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పాలీసార్బేట్-80 ఎలుకల్లో బ్యాక్టీరియాను గోడకు దగ్గర చేశాయని 2015లో చూపించారు. 2022లో 16 మంది ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగంలో మొదటిదాన్ని రోజుకు 15 గ్రాములు ఇస్తే, తీసుకున్నవారిలో ఇద్దరికి బ్యాక్టీరియా జిగురులోకి చొచ్చుకొచ్చింది. 15 గ్రాములు మామూలుగా తినేదాని కన్నా చాలా ఎక్కువ మోతాదు.

పీచు ఎంత తినాలి? పెంచితే గ్యాస్ ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సూచన ప్రకారం పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాములు, అదీ ఆహారంలో సహజంగా ఉన్న పీచు. గ్యాస్ అంటే పులియబెట్టడం జరుగుతోందన్న గుర్తే. ఒక్కసారిగా పెంచితే ఆ పని చేసే జాతులు ఇంకా పెరగక, గ్యాస్‌ను వాడుకునే జాతులు చాలక, పొట్ట ఉబ్బుతుంది. వారానికి మూడు నుంచి ఐదు గ్రాముల చొప్పున పెంచండి. ఉబ్బరం ఎక్కువైతే వెనక్కి ఒక మెట్టు దిగి, వారం ఆగి మళ్లీ ఎక్కండి.

అన్ని పీచులూ ఒకటి కావు. పప్పుదినుసులు, ఓట్లు, ఉల్లి, వెల్లుల్లి, వండి చల్లార్చిన పిండిపదార్థం తేలిగ్గా పులుస్తాయి, బ్యూటిరేట్‌కు ఇవే ముఖ్యం. ఇసబ్గోల్ పెద్దగా పులియదు. నీళ్లు పట్టి విరేచనాన్ని మెత్తబరుస్తుంది, అందుకే నిండు గ్లాసు నీళ్లతోనే వేసుకోవాలి. నీళ్లు చాలకపోతే గొంతులోనో పేగులోనో ముద్దకట్టి అడ్డుపడుతుంది. పేగు ఇరుకు ఉన్నవాళ్లు, కొత్తగా పేగు శస్త్రచికిత్స అయినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పీచు పెంచకూడదు.

యాంటీబయాటిక్ కోర్సు తర్వాత ప్రోబయాటిక్ (మేలు కోసం మింగే బతికున్న సూక్ష్మజీవులు) వేసుకుంటే త్వరగా కోలుకుంటామా?

2018లో వచ్చిన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని కదిలించింది. యాంటీబయాటిక్ తర్వాత 11 రకాల ప్రోబయాటిక్ తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి స్థిరపడటం, ఏమీ తీసుకోనివారి కన్నా ఆలస్యమైంది. ముందే దాచిన సొంత మలాన్ని తిరిగి పేగులోకి ఎక్కించినవారు కొద్ది రోజుల్లోనే కోలుకున్నారు. ప్రోబయాటిక్‌తో యాంటీబయాటిక్ విరేచనాలు కొంతమందికి తగ్గవచ్చు, అది వేరే ప్రయోజనం. దాన్ని, సొంత బ్యాక్టీరియా తిరిగి రావడాన్ని ఒకటిగా చూడకండి. ప్రోబయాటిక్ కొంటే లేబుల్ మీద జాతితో పాటు స్ట్రెయిన్ (ఆ జాతిలోని ప్రత్యేక రకం) అక్షరాలు, అంకెలు ఉన్నాయో లేదో చూడండి. సీఎఫ్‌యూ సంఖ్య, అంటే బతికున్న సూక్ష్మజీవుల లెక్క, గడువు తేదీ దాకా హామీ ఇచ్చినదై ఉండాలి, తయారైన రోజు లెక్క కాకూడదు. గుండె దగ్గరి పెద్ద సిరలో గొట్టం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ప్రోబయాటిక్‌గా అమ్మే సాకరోమైసెస్ బౌలార్డీ అనే ఈస్టు రక్తంలోకి చేరి ప్రమాదం తెచ్చిన సందర్భాలున్నాయి.

కోర్సు సమయంలోగానీ తర్వాత కొన్ని వారాల్లోగానీ రోజుకు మూడు, అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలు అయితే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే రోగకారక బ్యాక్టీరియా కోసం పరీక్ష చేయించాలి. మామూలుగా పేగు బ్యాక్టీరియా పైత్యరసంలోని ఆమ్లాలను ద్వితీయ పైత్య ఆమ్లాలుగా మార్చి దీని పెరుగుదలను అణచిపెడుతుంది. ఆ పని చేసేవి పోగానే ఇది మొలకెత్తుతుంది. జ్వరం, రక్తం ఉంటే విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోకండి. మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఈ జబ్బుకు మల మార్పిడి బాగా పనిచేస్తుందని 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన ట్రయల్ నిరూపించింది. ఇది ఇంట్లో చేసుకునేది కాదు. దాతకు ఇన్ఫెక్షన్లన్నీ పరీక్షించి తీరాలి.

మలం పంపితే మైక్రోబయోమ్ (పేగులోని సూక్ష్మజీవుల కూర్పు) రిపోర్టు ఇచ్చే పరీక్ష చేయించాలా?

జబ్బు కనుక్కోవడానికి అక్కర్లేదు. 'ఇదీ ఆరోగ్యకరమైన కూర్పు' అని అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. పైగా మలంలో ఉన్నది లోపలి ఖాళీలోని జనాభా, గోడ పక్క జిగురులో ఉన్నది కాదు.

తల్లిపాలకు దీనితో సంబంధమేమిటి?

తల్లిపాలలో లీటరుకు సుమారు 5 నుంచి 15 గ్రాముల ఒలిగోశాకరైడ్లు (పొట్టి చక్కెర గొలుసులు) ఉంటాయి. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులోని బిఫిడోబ్యాక్టీరియా కోసం. పాలలో ఘనపదార్థాల్లో లాక్టోజ్, కొవ్వు తర్వాత మూడో స్థానం వీటిదే.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి? ఏ పరీక్షలు అడగాలి?

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, నాలుగు వారాలు దాటిన విరేచనాలు, రక్తహీనత: వీటిలో ఏది ఉన్నా ఆహార మార్పులతో కాలం గడపవద్దు. పేగు వాపును పసిగట్టడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీను చూస్తారు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) దాకా వెళ్లాల్సి రావచ్చు. నొప్పి మాత్రలు ఈ అంకెను పెంచుతాయి కనుక, వాడుతుంటే ముందే చెప్పండి.

సీలియాక్ అనుమానం ఉంటే గోధుమ మానేయక ముందే రక్తపరీక్ష చేయించుకోండి. మానేసి వారాలు గడిస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, లోపొర కూడా మానడం మొదలుపెడుతుంది, ఉన్న జబ్బే లేనట్టు రిపోర్టు వస్తుంది. అప్పుడు మళ్లీ కొన్ని వారాలు గోధుమ తిని పరీక్షకు రావాల్సి ఉంటుంది, ఆ వారాలు రోగికి చాలా కష్టంగా గడుస్తాయి.